గోడవైపు మొహం

కోతలు ముగిసిన రోజు సాయంత్రం మరియమ్మ గోడవైపు తిరిగి ఉంది.

పొలంనుంచి వచ్చినవాళ్ళందరం చేతులు కడుక్కుని గదిలో చేరాం. గోధుమ వెన్నులతో అల్లిన కిరీటాన్ని భోజనాల బల్లకు పైన, ఇంటి దూలానికి వేలాడదీయాలి. ఆ బల్ల ఉన్నచోటునే మా అత్తగారింట్లో దేవుడి మూల అనేవారు. రెండు గోడలు కలిసేచోట సిలువ. దానికి ఒక పక్క యేసు పటం, ఇంకో పక్క మరియమ్మ పటం. రెండూ పైభాగాన కాస్త ముందుకు వాలి, కింద కూర్చుని తినేవాళ్ళ పళ్ళాల్లోకి తొంగిచూస్తున్నట్టు ఉండేవి. ఆ సాయంత్రం యేసు ఒక్కడే చూస్తున్నాడు. మరియమ్మ ఉండాల్సినచోట గోధుమరంగు అట్ట, తుప్పుపట్టిన మేకులు, వాటి మధ్య గూడు కట్టుకున్న సాలీడు కనిపించాయి.

కిరీటం నా చేతుల్లో ఉంది. గదిలో పటాలకు మొక్కని లూథరన్‌ని నేనొక్కదాన్నే.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ముందు పటంవైపు చూశారు, తర్వాత నావైపు చూశారు, ఆ తర్వాత తమ చెప్పులవైపు చూసుకున్నారు. పక్కింటి కాటా మాత్రం ఊరుకోలేకపోయింది. ఆ చుట్టుపక్కల పుట్టిన పిల్లలందరినీ చేతుల్లోకి అందుకున్న మంత్రసాని ఆమె. ఎవరింట్లోనైనా నోరు తెరిచే హక్కు తనకుందని అనుకునేది.

"గాలికి తిరిగిందేమోలే," అంది.

"గాలికైతే ఊగుతుంది," అన్నాడు వెనకనుంచి ఎవరో. "తిరిగి, సర్దుకుని, తిన్నగా నిలబడుతుందా?"

మా అత్తగారు త్రేజా బెంచీ ఎక్కింది. పటం తీసి, ఏప్రాను కొసతో అద్దం తుడిచి, మళ్ళీ మొహం గదిలోకి ఉండేట్టు తగిలించింది. దిగి నావైపు చేయి చాపింది.

"కిరీటం ఇటివ్వు, అమ్మాయ్."

అంతే. నన్ను అడగలేదు, తిట్టలేదు. నాకు అనుమానం మొదలైంది అక్కడే. నిందిస్తే జవాబు చెప్పవచ్చు. ఆమె నాకు ఆ అవకాశం ఇవ్వకుండా, నన్ను దోషిగా నిలబెట్టి, దయగా చూసి ఊరుకుందని అనిపించింది.

నేను కొండలమీది ఊరినుంచి వచ్చినదాన్ని. మావాళ్ళ ఇళ్ళలో గోడలు ఖాళీగా ఉంటాయి. కిటికీ పక్కన చెక్కమీద బైబిలు ఉంటుంది, అంతకుమించి ఏమీ ఉండదు. ముర నది పక్క మైదానంలో ఉండేవాళ్ళు కాథలిక్కులు. పటాలు, సిలువలు, ఎండిన పూలు, ఈస్టరుకు ముందు దీవించి తెచ్చిన కొమ్మలు, వీటి మధ్య అన్నం తింటారు. కొండకూ మైదానానికీ పెళ్ళిళ్ళు ఎప్పటినుంచో జరుగుతూనే ఉన్నాయి. అలాంటి ఇళ్ళలో పాత కట్టుబాటు ఒకటుంది. మగపిల్లలు తండ్రి చర్చికి, ఆడపిల్లలు తల్లి చర్చికి. మా పెళ్ళికి ముందు మా నాన్న, అత్తగారు అదే బల్లదగ్గర, అవే పటాల కింద ఆ మాట అనుకుని చేతులు కలిపారు. కోతలనాటికి నాకు కడుపు బయటికి కనిపిస్తోంది.

కాపురానికి వచ్చిన కొత్తలో త్రేజా నన్ను ఆటపట్టించేది.

"మీ ఇంట్లో దేవుడు ఎక్కడుంటాడే, ఇర్మా?"

"మనసులో, అత్తయ్యా."

"అయ్యో పాపం, అంత ఇరుకులోనా!"

"మీ ఇంట్లో మరీ మూలన పడి ఉన్నాడు గదా."

"మూలన కూర్చున్నవాడికే ఇల్లంతా కనిపిస్తుంది, పిల్లా."

నవ్వుకునేవాళ్ళం. కోతల సాయంత్రం తర్వాత ఆ ఆట ఆగిపోయింది. నా భర్త మిష్కా సరిహద్దు అవతల ఆస్ట్రియాలో బీటుదుంపల పనికి వెళ్ళాడు. నవంబరులో పునీతుల పండగకు గాని రాడు. ఆ ఇంట్లో మిగిలింది ఆమె, నేను, మూలలో వాళ్ళు.

పటం మళ్ళీ తిరిగింది. ఒకరోజు ఆవులను తోలుకొచ్చేసరికి తిరిగి ఉంది. రెండు రోజులకు తిన్నగా అయింది. ఆగస్టులో మరియమ్మ పండగకు ఫాదర్ దీవించిన మూలికల కట్ట ఆమె తెచ్చి సిలువ వెనక దోపిన వారంలోనే మళ్ళీ తిరిగింది. త్రేజా దాని గురించి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అట్ట కనిపిస్తున్నా, మొహం కనిపిస్తున్నా, ఇద్దరం దానికింద కూర్చుని బుక్‌వీట్ జావ తాగేవాళ్ళం.

నేను ఆలోచించాను. ఆమే తిప్పుతోందన్నది నాకు తెలుసు, ఎందుకంటే నేను తిప్పడంలేదు. కానీ ఎందుకు? నాకు తోచిన జవాబు ఒకటే. మిష్కా వచ్చేనాటికి ఊరంతా నన్ను పటం మొహం గోడకు తిప్పేసిన మనిషిగా అనుకోవాలి. అలాంటి మనిషి చేతికి ఆడపిల్లను ఇచ్చి కొండమీది చర్చికి పంపమని ఎవరు అడగగలరు? ఒప్పందం ఎవరూ విరిచినట్టు ఉండదు, దానంతటదే విరిగిపోతుంది. ఈ ఎత్తు ఎంత బాగుందంటే, నేనే ఆమె స్థానంలో ఉంటే ఇలాగే చేసేదాన్ని. ఎదుటివాళ్ళలో మనం చూసే కుట్ర మన తెలివికి సరిగ్గా సరిపోతుంది. ఆ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం కొండకు వెళ్ళాను. ఆరాధన అయ్యాక పాస్టరుగారి పెరట్లోకి వెళ్ళాను. ఆయన నిచ్చెనమీద నిలబడి ప్లమ్ పళ్ళు కోస్తున్నారు. కింద నిలబడే చెప్పాను, ఆయన పైనుంచే విన్నారు.

"నువ్వు తిప్పావా?"

"లేదండీ."

"తిప్పాలనిపించిందా?"

"అనిపించింది. తింటుంటే చూస్తుంది."

ఆయన కోయడం ఆపి, కిందికి వంగి నన్ను చూశారు. "చూస్తుందా? అచ్చేసిన కాగితం చూస్తుందా? నిన్ను మైదానానికి పంపి ఎన్నాళ్ళయిందమ్మా?"

నాకు సిగ్గేసింది.

"చూడగలదనుకునేవాళ్ళే దాన్ని గోడకు తిప్పుతారు," అన్నారు ఆయన. "నమ్మనివాడికి బొమ్మ ఎటు తిరిగితే ఏం? నీ అత్తగారి ఇంట్లో ఆ పని చేస్తున్నదెవరో గాని, వాళ్ళకు నీకంటే, నాకంటే ఎక్కువ నమ్మకం."

"నన్నేం చెయ్యమంటారు?"

"ముట్టుకోకు. మనది వాక్యం. ఎటు తిరిగి ఉన్నా ముట్టుకోకు. నువ్వు చెయ్యి వేసిన క్షణాన అది నీ వ్యవహారమైపోతుంది. ఇదిగో, పట్టు." బుట్ట నాకు అందించారు.

కొండ దిగుతూ దారంతా ఆయన మాటే తలుచుకున్నాను. నమ్మకం ఉన్నవాళ్ళే తిప్పుతారు. అయితే నా లెక్క తప్పు కావాలి. నన్ను ఇరికించడానికే అయితే, అంత భక్తి ఉన్న మనిషి తన దేవతను పనిముట్టుగా వాడుకుంటుందా? వాడుకుంటుందని ఒక మనసు, వాడుకోదని ఒక మనసు.

గుమ్మడికాయల కాలం వచ్చింది. మాకు గుమ్మడి అంటే గింజ. నూనె గింజలోనే ఉంటుంది. పొలంలోనే కాయలు పగలగొట్టి, చేత్తో గింజలు తీసి, గుజ్జు పందులకు వదిలేస్తాం. ఒక మధ్యాహ్నం వంగి పని చేస్తుంటే నడుం పట్టేసింది. ఇంటికి వెళ్ళి పడుకుందామని ముందుగా బయలుదేరాను. వరండాలో బూట్లు విప్పుతుంటే గదిలోంచి త్రేజా గొంతు వినిపించింది. ఇంట్లోకి ఎవరో వచ్చారనుకున్నాను. కానీ అది మనుషులతో మాట్లాడే గొంతు కాదు. గుడ్లు పెట్టడం మానేసిన కోడితో మాట్లాడే గొంతు.

"నీకేం తక్కువ చేశాను? చెప్పు. మే నెలంతా గులాబీలు పెట్టానా లేదా? నీ పండగకు మూలికలు తెచ్చానా లేదా? ఒక్కటంటే ఒక్కటి అడిగాను. మగపిల్లాణ్ణి ఇమ్మన్నాను. కాటా కడుపు చూసినప్పుడల్లా ఆడపిల్లే అంటోంది."

తలుపు సందులోంచి ఆమె వీపు కనిపించింది. బెంచీమీద మోకాళ్ళతో నిలబడి, పటానికి మొహం దగ్గరగా పెట్టి మాట్లాడుతోంది.

"ఆడపిల్లయితే కొండెక్కిస్తారు. మాట ఇచ్చాను, మాట తప్పను. తర్వాత ఈ మూల ఎవరు చూస్తారు? మిష్కానా? వాడికి సిలువ గుర్తు వేసుకోవడానికే తీరిక లేదు. నీకు సాలీళ్ళే గతి, గుర్తుంచుకో. ఏం నవ్వుతున్నావ్? వడగళ్ళకు ద్రాక్షతోట పోయిన ఏడు మా అమ్మ తోటలు కాచే పునీత ఉర్బన్‌ పటాన్ని చలికాలమంతా గోడకు తిప్పి ఉంచింది. మరుసటేడు చూడు, గుత్తులు మోయలేక తీగలు తెగాయి. నీకూ అదే మందు. చూడు గోడ! బుద్ధి వచ్చేదాకా గోడనే చూడు!"

పటం తిరిగిన చప్పుడైంది. నేను చప్పుడు చేయకుండా వరండా దాటి, పశువుల కొట్టం వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఆమె కుడితి బకెట్టు పట్టుకుని పందుల దొడ్డివైపు వెళ్ళింది.

నన్ను ఇరికించడానికి కాదని తెలిసింది. మనసు తేలికపడాలి. పడలేదు. నాకు కలిగింది అసూయ. పోట్లాడటానికి ఆమెకొక మనిషి ఉంది. నా దేవుడితో నేనెప్పుడూ అలా మాట్లాడలేదు. ఆయనకు మొహమే లేదు, ఎటు తిప్పను?

గదిలోకి వెళ్ళాను. నడుం వాల్చడానికే వెళ్ళాను. కానీ బల్లదగ్గర ఆగిపోయాను. అట్ట, మేకులు. పటం చట్రంమీద ఏదో వడ్రంగి పెన్సిలుతో గీసిన గీత. అది బొమ్మ కాదు. బొమ్మ అవతలివైపు ఉంది. బొమ్మకు మొక్కరాదని మాకు నేర్పారు. అట్ట గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. అట్టను చూస్తూ ఒక మాట పైకి అంటే ఎవరికి అన్నట్టు? ఎవరికీ కాదు. ఇలా వాదించుకుంటూ, వాదన ముగియకముందే నోరు తెరిచాను.

"ఆమె అడిగింది ఇవ్వకు," అన్నాను. "నాకు ఆడపిల్ల కావాలి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అన్నం తినేటప్పుడు మూలవైపున్న బెంచీమీద తల్లీకొడుకులు కూర్చుంటారు, ఎదుటి బెంచీమీద నేనొక్కదాన్నే కూర్చుంటాను. నా పక్కన కూర్చోవడానికి నాకొకరు కావాలి. ఆ సంగతి కూడా చెబుదామనుకున్నాను. పెరట్లో బకెట్టు చప్పుడైంది. వెళ్ళి పడుకుని కళ్ళు మూసుకున్నాను. కడుపులో బిడ్డ కదిలింది. రోజూ కదిలేదే. కానీ ఆ రోజునుంచి నాకు పటంమీద కూడా అనుమానం మొదలైంది, విన్నదేమోనని.

అక్టోబరులో ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా మా కొట్టంలో కూర్చుని మిగిలిన కాయల గింజలు తీస్తున్నారు. చేతులు జిగురు, ఒళ్ళో గింజలు. కాటాకు నేను ఎదురుగా దొరికాను.

"ఏం ఇర్మా, పిల్లలు గుమ్మడికాయలకు కళ్ళూ ముక్కూ చెక్కుతారు గదా. మీ ఇంట్లో వాటినీ గోడకే తిప్పుతారా?"

అందరూ నవ్వారు.

"పోనీలేవే," అందింకొకామె. "కడుపుతో ఉన్నవాళ్ళకు రకరకాల కోరికలు. కొందరు మట్టి తింటారు. ఈమె పటాలు తిప్పుతుంది."

"మట్టి తింటే ఆ పిల్ల కడుపే చెడుతుంది. ఇది ఇంటిమీదికి వస్తుంది."

నేను త్రేజావైపు చూశాను. ఆమె తల ఎత్తలేదు. "గింజలు చూసి తియ్యి కాటా, సగం గుజ్జులోనే పారేస్తున్నావ్," అంది, అంతే.

ఒక్క మాటతో ఆ నవ్వును నేను ఆమెమీదికి మళ్ళించగలను. నోటిదాకా వచ్చింది. కానీ నేను విన్నానని చెబితే, విన్న తర్వాత ఏం చేశావని ఎవరైనా అడుగుతారేమోనని భయం. అడగడానికి వాళ్ళకు కారణమేమీ లేదు. దాచేవాడికి ప్రతి ప్రశ్నా ఆ దారినే వస్తున్నట్టు ఉంటుంది. గింజలు తీస్తూ కూర్చున్నాను. ఆమె కూడా దాస్తోంది, నేనూ దాస్తున్నాను, ఇద్దరం దాస్తున్నది ఆ ఒక్క పటం గురించే.

పునీతుల పండగకు మిష్కా వచ్చాడు. బస్సు దిగగానే కాటా కనిపించిందట. ఇంటికి వచ్చేసరికి మొహం మాడి ఉంది. పండగనాడు సమాధులమీద పెట్టడానికి తల్లి పెరట్లో చామంతులు కోస్తోంది. అతను నన్ను ధాన్యపు గదిలోకి పిలిచాడు.

"నువ్వేనా?"

"కాదు."

"మరి ఎవరు? ఎలకా?"

"మీ అమ్మను అడుగు."

"అమ్మ నీమీద ఒక్క మాట అనలేదు, ఇర్మా."

"అదే అడుగు. ఎందుకు అనలేదో అడుగు."

అతను దుంపల పనికి పగిలిన అరచేతులు రుద్దుకున్నాడు. "చూడు. నాకూ ఆ పటాలమీద పెద్ద పట్టింపు లేదు. కానీ నేను పుట్టినప్పటినుంచీ వాటికిందే తిన్నాను. నువ్వు మా అమ్మ కళ్ళెదుటే మరియమ్మను గోడకు తిప్పితే, రేపు ఆడపిల్ల పుట్టాక ఏ మొహంతో ఒప్పందం అంటావు? ఆ పిల్లకు నువ్వేం నేర్పుతావో నాకేం తెలుసు? నన్నూ గోడకు తిప్పమని నేర్పవని ఏంటి?"

"ఒప్పందం ఈ ఇంట్లోనే, ఆ బల్లదగ్గరే చేశారు."

"ఆ బల్లదగ్గర ఏం జరుగుతోందో విన్నాకే అంటున్నాను."

నేను భయపడినది అదే. త్రేజా కోరకుండానే, ఏ కుట్రా లేకుండానే, అది జరుగుతోంది. మిష్కా తల్లిని అడగలేదు. జవాబు ఎలా ఉంటుందోనని అనుమానం ఉన్న ప్రశ్నను ఎవరూ తొందరపడి అడగరు.

మార్టిన్ పండగకు, కొత్త ద్రాక్షరసం వైనుగా మారిందని జనం తాగుతున్న రోజుల్లో, నొప్పులు మొదలయ్యాయి. వెచ్చగా ఉంటుందని నా మంచం పొయ్యి ఉన్న గదిలోకి, దేవుడి మూలకు ఎదురుగా మార్చారు. మరియమ్మ అప్పుడు గదిలోకే చూస్తోంది. మిష్కా వచ్చినప్పటినుంచీ త్రేజా ఆమెను తిప్పలేదు. నొప్పి వచ్చిన ప్రతిసారీ నాకు ఎదురుగా కనిపించేది ఆ మొహమే. నేను కళ్ళు మూసుకునేదాన్ని.

తెల్లవారాక బిడ్డ పుట్టింది. కాటా ఎత్తి చూపించింది.

"చెప్పానా! ఆడపిల్ల! నా కన్ను తప్పదు."

త్రేజా వేడినీళ్ళ గిన్నె కింద పెట్టింది. వచ్చి బిడ్డను చూసింది. వేళ్ళు, చెవులు, పాదాలు అన్నీ చూసింది. సిలువ గుర్తు వేసుకుంది. తర్వాత బెంచీ ఎక్కి, కాటా చూస్తుండగా, నేను చూస్తుండగా, మరియమ్మను గోడకు తిప్పింది. కాటా నోరు తెరిచింది, మూసుకుంది. ఆమె నోరు ఖాళీగా మూతపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

మిష్కాను పిలిచారు. అతను టోపీ చేత్తో పట్టుకుని వచ్చి, బిడ్డను చూసి, నవ్వి, నా నుదుటిమీద చెయ్యి పెట్టాడు. తల ఎత్తేసరికి పటం కనిపించింది. మంచంమీదున్న నన్ను చూశాడు. నేను లేచి కూర్చునే స్థితిలో కూడా లేను. కాటాను చూశాడు. తర్వాత తల్లి చేతివైపు చూశాడు. ఆమె జాకెట్టు మోచేతిమీద గోడసున్నం తెల్లగా అంటుకుని ఉంది.

"కట్టెలు సరిపోయేట్టు లేవు," అన్నాడు. బయటికి వెళ్ళాడు. చాలాసేపు గొడ్డలి చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత నాతో ఎవరూ ఒప్పందం గురించి మాట్లాడలేదు. మాట్లాడాల్సిన అవసరం లేకుండా నేను గెలిచాను. బిడ్డను వచ్చే ఆదివారాల్లో ఒకరోజు కొండకు తీసుకెళ్తామని మిష్కా తనే అన్నాడు, నావైపు చూడకుండా.

త్రేజా నాకు కోడి చారు కాచి తెచ్చేది. బిడ్డ గుడ్డలు ఉతికేది. బిడ్డను ఎత్తుకునేది. కానీ మూలలో దీపం వెలిగించడం మానేసింది. తినేముందు సిలువ గుర్తు వేసుకోవడం మానేసింది. పటాన్ని మళ్ళీ తిప్పనే లేదు. బల్లదగ్గర తన చోటు వదిలేసి, పొయ్యి పక్కన స్టూలుమీద కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తినేది. రోజురోజుకూ తక్కువ తినేది.

ఒక మధ్యాహ్నం నేను పాలిస్తున్నాను. ఆమె గసగసాలు దంచుతోంది. ఉన్నట్టుండి రోకలి ఆపింది.

"ఆమె నా మాట వినడం మానేసింది."

నేను బిడ్డను రెండోవైపుకు మార్చుకున్నాను.

"గోడకు తిప్పితే కోపం వచ్చిందేమో అనుకున్నా. మా అమ్మ తిప్పితే ఉర్బన్‌కి రాలేదే! లేకపోతే ఇంకెవరో అడిగి ఉండాలి. నాకంటే గట్టిగా. ఊళ్ళో అందరినీ తలుచుకున్నా. కాటాకేం పట్టింది? ఇంకెవరికేం పట్టింది?" ఆమె నావైపు తిరిగింది. కళ్ళు చిన్నవయ్యాయి. "మీవాళ్ళు ఎవరికీ మొక్కరు గదా?"

"మొక్కరు."

"నువ్వు?"

లేదంటే అయిపోయేది. నా కూతురు నా చర్చికి వెళ్ళేది. ఎవరూ ఆపేవాళ్ళు లేరు. అవునంటే ఏమవుతుందో నాకు తెలియదు. మరియమ్మను అడిగి తెచ్చుకున్న పిల్లను మరియమ్మ లేని చర్చికి ఎలా తీసుకెళ్తావని అడిగితే నా దగ్గర జవాబు లేదు. రోకలిమీద ఆమె చేయి ఎముకలు తేలి ఉంది. ఆమె తనను ఎవరో వదిలేశారనుకుంటోంది. ఆ ఎవరో అట్టకు అవతల ఉన్నారని నేను నమ్మను. కానీ వదిలేయబడటం ఎలా ఉంటుందో ఎదుటి బెంచీమీద కూర్చుని నేర్చుకున్నాను.

"అడిగాను," అన్నాను.

"ఎవరిని?"

గడ్డంతో మూలవైపు చూపించాను.

"ఎప్పుడు?"

"గుమ్మడికాయలప్పుడు. మీరు తిట్టి వెళ్ళాక."

"విన్నావా!"

"విన్నాను."

"అప్పటినుంచీ తెలుసా? కాటా నిన్ను అన్నేసి మాటలంటుంటే?"

"తెలుసు."

ఆమె రోకలి కింద పెట్టింది. ఏదో లెక్క సరిచూస్తున్నట్టు పెదవులు కదిలాయి.

"మొహం అటు ఉండగానే అడిగావా?"

"అటు ఉంది కాబట్టే అడిగాను."

"ఆహా." మూలవైపు చూసి మళ్ళీ అంది, "ఆహా. అదీ సంగతి. నేను మొహానికి చెప్పి వెళ్ళాను. నువ్వు వీపుకు చెప్పావు. చివరి మాట నీదైంది." ఆమె గొంతులో కోపం కోసం వెతికాను. దొరికింది గాని, అది నామీద కాదు. పొరుగామె తనకంటే తక్కువ ధరకు అదే గుడ్డ కొన్నదని తెలిసినప్పుడు వచ్చే కోపంలాంటిది. "అసలు నువ్వు లూథరన్‌వి ఎట్లా అయ్యావే, పిల్లా?"

"మా అమ్మ లూథరన్, అత్తయ్యా."

ఆమె నవ్వింది. నవ్వు ఆగాక ఏప్రానుతో కళ్ళు తుడుచుకుంది. "సరే. లేచి తిప్పు ఆమెను."

"నేనా?"

"నేను తిప్పితే ఏముంది? నామీద అలిగి ఉంది. నీ మాట వింటోంది గదా."

"మా పాస్టరుగారు ముట్టుకోవద్దన్నారు."

"అడగవద్దని కూడా అనే ఉంటాడు."

బిడ్డను ఆమెకు ఇచ్చాను. బెంచీ ఎక్కాను. చట్రం చేతికి జిడ్డుగా, వెచ్చగా తగిలింది. పొయ్యి వేడికే కావచ్చు. పటం తీసి తిప్పాను. అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఇన్నాళ్ళూ నన్నే చూస్తోందనుకున్నాను. నన్ను కాదు, ఎవరినీ కాదు, తన చేతుల్లోని బిడ్డను చూస్తోంది. అచ్చులో రంగు కాస్త జరిగి, ఒక కన్ను కింద నీలంగా మరక ఉంది. తగిలించి దిగాను. చేతులు ఏం చేయాలో తెలియక లంగాకు తుడుచుకున్నాను.

"మాటంటే మాట," అంది త్రేజా, బిడ్డ మొహంలోకి చూస్తూ. "కొండకే తీసుకెళ్ళండి. కానీ నేనూ వస్తాను."

"మీరా? మా చర్చికా?"

"ఏం, కొరుకుతారా? అక్కడ గోడలన్నీ ఖాళీ అట. ఈ పిల్లను ఎవరి చేతిలో పెడుతున్నారో నేను చూసుకోవాలి. ఎవరూ కనిపించనిచోట అసలు నమ్మకూడదు."

డిసెంబరు మొదట్లో, కొండదారి గడ్డకట్టి గట్టిపడ్డాక, బిడ్డకు బాప్తిస్మం ఇప్పించాం. ఎమా అని పేరు పెట్టాం. మా నాన్న ముందు వరసలో చోటు చూపిస్తే త్రేజా వద్దని తల ఊపి, తలుపు పక్కన చివరి బెంచీమీద కూర్చుంది. ఆరాధన సాగినంతసేపూ నేను వెనక్కి తిరిగి ఆమెను చూస్తూనే ఉన్నాను. అద్దెకు తీసుకోబోయే ఇంటిని చూసినట్టు ఆమె గోడలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. పైకప్పు చూసింది. ఇంటినుంచి మరియమ్మ జపమాల వేసుకొచ్చిన నల్లకోటు కుడి జేబులోంచి మాత్రం చెయ్యి బయటికి తీయలేదు. పాటకు అందరితోపాటు లేచి నిలబడ్డప్పుడూ తీయలేదు. బిడ్డ తలమీద నీళ్ళు పడి కెవ్వుమన్నప్పుడు, ఆ జేబులో పిడికిలి బిగుసుకోవడం అంతదూరానికీ కనిపించింది.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరికే చెయ్యి అందిస్తున్నారు. త్రేజా ఆయనకు ఎడమచెయ్యి ఇచ్చింది. ఆయన ఆ చేతిని చూశారు, ఆమె కుడి జేబు చూశారు, తర్వాత నన్ను చూశారు.

నేను తల వంచుకుని ఎమా టోపీ ముడి విప్పి, మళ్ళీ కట్టడం మొదలుపెట్టాను.